ప్రాచీన నాణెములను తోమవచ్చునా?

మన యిండ్లలో రాగిచెంబునకుఁ జిలుము పట్టినచోఁ జింతపండును బూడిదయుఁ దీసికొని తళతళలాడునట్లు తోముట నిత్యకృత్యము. ఈ యలవాటు చేతికి మిక్కిలి సహజమైనది గావుననే, పొలము దున్నుచుండఁగాఁ బాతనాణెము దొరకినవాఁడు మొట్టమొదటఁ జేయు పని దానిని తోముట. అతనియొద్దఁ గొన్న వర్తకుఁడు మఱికొంత తోమును. వర్తకునియొద్దఁ గొన్న సంగ్రాహకుఁడు, అక్షరములు స్పష్టముగా లేవని, నిమ్మరసములో నొకరాత్రి నానవేయును. ఇట్లు మూఁడు చేతులు దాఁటి పండితునికడకు వచ్చునప్పటికి నాణెము మెఱయుచుండును. చదువఁదగినది మాత్రము దానిపై మిగిలియుండదు.

ఇది సంగ్రాహకుల వేడుకకు సంబంధించిన స్వల్పవిషయమని కొందఱు తలఁతురు. శాతవాహనుల చరిత్రతోఁ గొంచెమైనను బరిచయమున్నవా రట్లు తలఁపరు. పురాణములలోని యాంధ్రరాజుల పట్టికలలోఁ గుంభశాతకర్ణి, కర్ణశాతకర్ణి, శకశాతకర్ణి యను పేళ్లు కానరావు. 1939లో నాఁటి అకోలా జిల్లాలోని తర్హాళ గ్రామమున దొరకిన సుమారు 1,600 పోటిను నాణెములను బరిశీలించి మిరాశీ పండితుఁడు వానిని వెలికిఁ దెచ్చెను. (పోటిను అనఁగా రాగి, తగరము, సీసము కలిసిన మిశ్రలోహము.) అట్లే గోదావరీతీరమునందలి కోటిలింగాలలో దొరకిన నాణెములను జదివి పరబ్రహ్మశాస్త్రిగారు శాతవాహనులకుఁ బూర్వులైన గోబద, నారన, కంవాయ, సమగోపుల పేళ్లను దెలియఁజేసిరి. వీరు రాజ్య మేలిరనుటకు మనకుఁ గల యాధారము చేతివ్రేలి గోరంత లోహపు బిళ్లలే.

అందును, రాజనామము ఒక్క నాణెముపైఁ బూర్తిగా నుండుట యరుదు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. కాఁబట్టి యొకదానిపై మొదటి మూఁ డక్షరములు, మఱియొకదానిపైఁ జివరి నాలుగక్షరములు పడును. వానినన్నిటిని బ్రక్కప్రక్కనఁ బెట్టి, తెగిన చోటులను గలుపుకొని, పేరును నిర్ణయింపవలెను. శిథిలమైన ప్రతులను పదింటిని ముందిడికొని యొక పద్యమును నిలుపఁగోరువారికి ఈ శ్రమ క్రొత్తది గాదు. ప్రతులలో నొకటి పాడైనను పాఠనిర్ణయమున కెంత లోపము గల్గునో వారికిఁ జెప్పనక్కఱలేదు.

బ్రాహ్మీలిపిలో ‘న’కారమునకును ‘ణ’కారమునకును గల భేద మెంత? నిలువుగీఁతకుఁ గ్రింద నడ్డగీఁత యున్నచో ‘న’. క్రిందను మీఁదను రెండున్నచో ‘ణ’. ‘క’కారము రెండుగీఁతల కూడలి, అందలి యడ్డగీఁత చెఱిఁగిపోయినచో మిగిలినది ‘ర’కారమును బోలును. ఇఁక అనుస్వారమన్ననో వట్టి చుక్క. చిలుము పొంగి యేర్పడిన చిన్న పొక్కును జుక్కవలెనే యుండును. సూదితోఁ బెకలించువాఁడు ఏది చుక్కయో, యేది పొక్కో యెట్లెఱుంగును? ఉన్న సున్నను బోఁగొట్టుటయే కాదు, లేని సున్నను గల్పించుటయు నతనికి సులభమే.

ఇది వట్టి శంక గాదు. వాసిష్ఠీపుత్ర పుళుమావి మొదలైనవారి వెండినాణెములకు బొమ్మవైపున రాజు శిరస్సును, దానిచుట్టును బ్రాకృతలేఖనమును గలవు. బొరుసువైపు లేఖనము ప్రాకృతము గాదు. అందు ‘అరహణకు’, ‘మకణకు’ అను రూపములు చదువఁబడినవి. చివరనున్న ‘కు’ మన వ్యాకర్తలు షష్ఠిలోఁ జేర్చిన ప్రత్యయమును స్ఫురింపఁజేయుచున్నది. ఆ భాష తమిళమేయని కొందఱును, ఆంధ్రద్రావిడములకు సన్నిహితమగు దేశభాష యని కొందఱును వాదించిరి. ఏ పక్షము సరియైనను, క్రీ. శ. రెండవ శతాబ్దియందే యొక ద్రావిడభాష దక్షిణాపథ చక్రవర్తుల ముద్రల కెక్కినదనుట భాషాచరిత్రకారులకు సామాన్యమైన సంగతి గాదు. ఆ వాదమంతయు నువ్వుగింజంతటి యక్షరములపై, తఱచుగా బిళ్లయంచున సగము తెగిన యక్షరములపై, ఆధారపడియున్నది. ఆ యక్షరములను దంతధావనపుఁ బొడితోఁ దోమి మెఱుఁగుపెట్టువారిని జూచి యూరకుండు టెట్లు?

కృష్ణాగోదావరీ మండలముల సీసపు నాణెముల సంగతియు నిట్టిదే. ‘సద’ యను పదముతో ముగియు పేళ్లుగల నాణెములను బూర్వులు శాతవాహనులవేయని లెక్కించిరి. గుంటుపల్లిలో దొరకిన శాసనమున మహామేఘవాహన వంశ్యుఁడును, కళింగమహిషకాధిపతియు నగు సిరిసద మహారాజు పేరు కన్పట్టిన పిదప, ఆ నాణెములు వేఱొక రాజవంశమువారివను వాదము బలపడినది. ‘సద’యో ‘సాత’యో చెప్పుటకు సీసముపై మిగిలిన యొక వంపుగీఁతయే యాధారము. గీఁత యరిగినచో రాజు వంశము మాఱును.

ఇట్టి హాని యెట్లు కలుగుచున్నదో తెలియుటకుఁ జిలుము స్వభావము నెఱుఁగవలెను. లోహమే సత్యమనియు, దానిపైఁ బట్టిన చిలుము మాలిన్యమనియు మనము భావింతుము. చెంబు విషయమున నిది నిజమే. రెండువేలయేండ్లు భూమిలోనున్న రాగినాణెము విషయమున నిది తలక్రిందు. నేలలోని తేమయుఁ, బ్రాణవాయువును, బొగ్గుపులుసు వాయువును, ఉప్పును నాణెపు పైభాగమును బట్టి లోహమును గ్రమముగా ఖనిజముగా మార్చును. లోహము నంటి యెఱ్ఱని రాగి ఆక్సైడు పొర యేర్పడును. దానిమీఁదఁ బచ్చని పొర. ఆపైని మట్టితోఁ గలిసి గట్టిపడిన పెచ్చు. టంకశాలలో అచ్చు తాఁకిన యసలు తలము ఈ మార్పులో నశింపక, ఆ ఖనిజపుఁ బొరల నడుమ నొక సన్నని హద్దుగా నిలిచియుండును. అనఁగా రాజు ముఖరేఖలును, అక్షరముల యంచులును ఇప్పుడు లోహములో లేవు; చిలుములోనే యున్నవి. మిగిలిన లోహము లోపలి గింజ మాత్రమే.

చింతపండు పులుసునకుఁ జెంబుమీఁది చిలుమును, నాణెముమీఁది చిలుమును ఒక్కటే. రెంటిని గరఁగించును. నిమ్మరసమును, ద్రాక్షపులుసును, అంగళ్లలో నమ్ము లోహమార్జన ద్రవములును ఆ పనినే మఱింత వేగముగాఁ జేయును. తుదకు మిగులునది మశూచికము సోఁకిన ముఖమువలె గుంటలు పడిన గులాబివన్నె బిళ్ల. అది మఱల నల్లఁబడునట్లు గంధకపు ద్రావణములలో ముంచి, పాతచిలుమును బోలిన పూఁత వేసి యమ్ముటయుఁ గలదు. అట్టిదానికిని గూటనాణెమునకును భేదము చెప్పుట నిపుణులకే కష్టము.

తాటాకు ప్రతిని జదువవలసినపుడు మసియో పసరో పూయుదుము. పూఁత గంటపు గీఁతలలో నిలిచి యక్షరమును జూపును. ఆకులోనుండి యేమియుఁ దీయదు. నాణెమును దోముట యట్టిది గాదు. అది తాళపత్రమునకుఁ జిత్రిక పట్టుట వంటిది.

చిలుములో నక్షరములే కాక వేఱు సాక్ష్యములును దాఁగియుండును. గుడ్డసంచిలోఁ గట్టి పాఁతిన రాగినాణెములపై ఆ గుడ్డ నేఁత, పడుగుపేకలతోసహా, చిలుములో నచ్చుపడి నిలిచియుండుట పరిశోధకులు పలుచోట్లఁ జూచిరి. గుడ్డ క్రుళ్లిపోయినను దాని రూపము రాగియుప్పులలో నిలిచినది. రెండు నాణెము లంటుకొని గడ్డకట్టియున్నచో, అవి యొక్కసారి పాఁతఁబడినవని యా గడ్డయే చెప్పును. వానిని సుత్తితో విడఁగొట్టి వేఱువేఱుగా నమ్మినవాఁడు రెండు నాణెముల ధర పొందును గాని, నిక్షేపమను సంగతిని బోఁగొట్టును.

వెండివిషయము కొంత భిన్నము. వెండిపైని నల్లఁదనము గంధకముతోఁ గలిసినందున నేర్పడినది. అది పలుచనిదైనచో నక్షరములను మఱుఁగుపఱుపదు, పైపెచ్చు నెత్తుపల్లములను జక్కఁగాఁ జూపును. ఉప్పునేలలోనున్న వెండిపైఁ గొమ్మువలె మెత్తనగు క్లోరైడు పొర పట్టును. అందును ముద్రయొక్క రూపము నిలుచుటఁ గలదు. మఱియు చిరకాలము భూమిలోనున్న వెండి లోలోపలఁ బెళుసెక్కియుండును. చూపునకు గట్టిగానున్న నాణెము వ్రేళ్లనడుమ రెండుగాఁ దునుఁగును.

వెండిని దోమినందువలనఁ గలుగు నష్టమునకు జోగల్‌తంబి నిక్షేపముకంటె మంచి నిదర్శనము లేదు. 1906లో నాసికు జిల్లాలో దొరకిన యా నిక్షేపమున క్షహరాత నహపానుని వెండినాణెములు 13 వేలకుఁ బైగా నుండెను. అందు 9 వేలకుఁ బైచిలుకు నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మరల వేయించెను. నహపానుని ముఖము, గ్రీకులిపి జాడలు, వానిపైఁ జైత్యమును ఉజ్జయినీ చిహ్నమును: ఒక రాజు మఱొకరాజును జయించిన కథ యొక్క బిళ్లపైఁ గన్పట్టును. ఆ క్రిందిముద్ర జాడలు వెండ్రుకమందపు టెత్తుపల్లములు. వెండిపాత్రల సున్నపుఁబొడితో నాలుగుమార్లు రుద్దినచో విజితుఁడు మాయమై విజేతయొక్కఁడే మిగులును.

నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరకిన రోమను వెండి దినారములు 1,500లకుఁ బైఁబడినవి. అందుఁ బెక్కింటిపైఁ జక్రవర్తి ముఖమున నులితో వేసిన గాటు గలదు. లోహపరీక్షకో, చెలామణిని మాన్పుటకో, మఱి యెందులకో చర్చ జరుగుచునేయున్నది. ఆ గాటు పూర్వకాలపుదో, నిన్నటి గునపపు దెబ్బయో చెప్పఁగల సాక్షి గాటులోఁ బేరుకొన్న మట్టియు, నల్లపొరయు. దానిని దువ్వెడు కుంచె సాక్షిని దుడిచివేయుచున్నది.

తూఁకము సంగతి తఱచుగా మఱతుము. ముప్పదిరెండు గురువిందల యెత్తని చెప్పఁబడు విద్ధాంక కార్షాపణములను వేలకొలఁదిగాఁ దూఁచి, గణితవేత్తయగు దామోదర ధర్మానంద కోశాంబి యొక క్రొత్తదారిని జూపెను. నాణెము చేతులు మాఱినకొలఁది యరుగును. అరిగినకొలఁదిఁ దూఁకము తగ్గును. వెనుకవైపునఁ జిన్న గుర్తు లెక్కువైనకొలఁది సగటు తూఁకము తగ్గుచున్నది. కాఁబట్టి తూఁకమునుబట్టి యే నాణెము ముందో, యేది వెనుకయో నిర్ణయింపవచ్చునని యతని సిద్ధాంతము. లేఖనములేని యీ నాణెములకుఁ దూఁకమే వాక్కు. మన యమరావతిలో దొరకినట్టి యేడువేలకుఁ బైఁబడిన విద్ధాంకముల నిక్షేపమును ద్రావకములలో ముంచి తీసిన పిమ్మటఁ దూఁచినచో, మనము కొలుచునది మౌర్యకాలపు వర్తకుల చేతులరాపిడి గాదు, ద్రావకముయొక్క బలము.

సీసము మాట వేఱు. అది గోరు తాఁకినను గీఁత పడు లోహము. కోస్తాంధ్రమున శాతవాహనుల నాణెములలోఁ బెక్కులు సీసముతోఁ జేసినవే కావున మనకిది ముఖ్యము. దానిపైనున్న బూడిదవన్నె పొర గట్టిగా నున్నంతకాలము లోహమునకుఁ గవచము. పుల్లని పదార్థము లన్నియు దానికి విషము. నిమ్మరసము మాట యటుండఁగా, కొన్ని కలపల పెట్టెలనుండియు, అట్టలనుండియు, జిగురులనుండియు వెలువడు పులుసుటావిరియే సీసమును దినివేసి తెల్లని పిండిగా మార్చును. ఖరీదైన కఱ్ఱబీరువాలో నలంకరించిన సీసపు నాణెములు కొన్నియేండ్లకుఁ జూడఁగాఁ బిండికుప్పలై యుండును. సీసమును సంగ్రాహకుఁడు తోమరాదు, కడుగరాదు, రుద్ది నకలు తీయరాదు. ఇందు మినహాయింపు లేదని నా యభిప్రాయము. బంగారమునకు మాత్ర మీ భయము లేదు. శుద్ధజలముతో మట్టిఁ దొలఁగించినఁ జాలును, రుద్దుట యనవసరము.

ఇంత చెప్పినందున, ఏ నాణెమును నెవ్వరును ఎన్నఁడును దాఁకరాదనుట నా మతము గాదు. త్రవ్వకములలో దొరకిన నాణెములు పెచ్చుగట్టి గులకరాళ్లవలె నుండును. వానినుండి మట్టిని దీయకున్నచో నాణెశాస్త్రమే లేదు. భారత పురావస్తుశాఖలో రసాయనవేత్తను 1917లో నియమించుటకుఁ గారణ మిదియే. ప్రశ్న తీయవచ్చునా యనునది కాదు. ఎవరు, ఎంతవఱకు, దేనితో ననునది. శిక్షితుఁడగు పరిరక్షకుఁడు సూక్ష్మదర్శినిక్రింద నాణెము నుంచి, ఏదుముల్లుతోనో సన్నని కత్తితోనో పైపెచ్చును గొంచెము గొంచెముగా విడఁదీసి, అసలు తలము కన్పట్టినచోట నాఁగును. ఆఁగుటయే యా విద్య. ద్రావకమునకు నాఁగుట తెలియదు.

శాస్త్రజ్ఞులును బొరపాటుదారినిఁ దొక్కియే యిచ్చటికి వచ్చిరి. 1888లో బెర్లినునందు రాథ్గెన్ పండితుఁడు మ్యూజియము ప్రయోగశాలను నడుపఁబూనిన నాఁటినుండియు, వస్తువును గాస్టిక్ సోడా నీటిలో వ్రేలాడఁదీసి విద్యుత్ప్రవాహముచేఁ జిలుమును విడఁగొట్టు పద్ధతి వ్యాపించెను. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమునకై ఫింక్, ఎల్డ్రిడ్జిలు 1925లో దానినే ప్రశంసించి వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వ మ్యూజియమున 1930లో వెలసిన రసాయనశాలయందుఁ బరమశివన్‌గారును గంచువిగ్రహములకు నీ చికిత్సను జేసిరి. దళసరి లోహముగల విగ్రహములకుఁ బ్రాణము నిలుపుట ముఖ్యమైనపుడు అది యుపకరించెను. కాని పలుచని నాణెముపై నసలు తలము చిలుములోనే యుండునని గుర్తించిన పిమ్మటఁ బరిరక్షకులు దానిని సామాన్యచికిత్సగా వాడుట మానిరి. వా రెన్నఁడో విడిచిన పద్ధతిని, పాత బ్యాటరీయు ఉప్పునీళ్లును బెట్టుకొని యిండ్లలోఁ జేయువా రిప్పటికిని గలరు.

చికిత్స తప్పనిసరియగు సందర్భ మొకటి గలదు. రాగినాణెముపై నక్కడక్కడ లేఁతపచ్చని పొడి పుట్టి, తుడిచినను గొన్నిదినములకు మరల వచ్చుచున్నచో, అది చిలుము గాదు, వ్యాధి. పాశ్చాత్యులు దీనికిఁ గంచురోగమని పేరిడిరి. ఉప్పునేలనుండి వచ్చిన క్లోరైడు లోహమునంటి దాఁగియుండి, గాలిలోని తేమ తగిలినపుడెల్ల రాగిని దినుచుండును. పక్వమైన చిలుము గట్టిగాను నున్నగాను నుండి, తాఁకినపుడు చేతికంటదు; ఈ పొడి రాలును. సముద్రతీరపు గ్రామములనుండి వచ్చిన నాణెములను, మన వానకాలములలో, ప్రత్యేకముగాఁ గనిపెట్టి యుండవలెను. వెంటనే చేయఁదగినది దానిని దక్కినవానినుండి వేఱుచేసి, తేమను బీల్చు సిలికా గుళికలతోఁ బాటు గాలి చొరని డబ్బాలో నుంచుట. పొడి వాతావరణమున రోగము నిద్రించును. ఆపై బెంజోట్రయజోలు మొదలగు మందులు గలవు గాని, అవి మనుష్యులకును హాని చేయునవి. పరిరక్షకుని చేతిలోనే యుండఁదగినవి.

అక్షరము కన్పట్టనిచోఁ జేయవలసినది తోముట గాదు, వెలుతురును మార్చుట. చీఁకటిగదిలో నాణెమును బల్లపై నుంచి, దీపమును బల్లయెత్తునకు దించి, ప్రక్కనుండి కిరణములు జాఱిపోవునట్లు పట్టి, నాణెమును మెల్లఁగాఁ ద్రిప్పవలెను. పగటివేళ లేదనుకొన్న గీఁత నీడగాఁ బొడకట్టును. 2001లో మాల్జ్‌బెండరు మొదలగువారు ప్రకటించిన పద్ధతి యీ సూత్రముయొక్క విస్తరణమే: నలుదిక్కులనుండి దీపము మార్చుచుఁ దీసిన ఛాయాచిత్రములను గణకయంత్రముచేఁ గూర్చి, వెలుతురును దలఁచిన దిక్కునుండి ప్రసరింపఁజేసికొనవచ్చును. పెచ్చు విప్పకయే ఎక్స్ కిరణములచే లోపలి ముద్రను జూచుటయు సాధ్యమైనది. నేఁడు తోమి చదివినవాఁడు తన కన్నులకుఁ దెలిసినంత మాత్రమే చదువును. తోమక దాఁచినచో ఱేపటివాఁడు మఱింత చదువఁగలఁడు.

పాఠశాలల పండితుల కిందుఁ బ్రత్యేకమైన పాత్ర గలదు. వానలు వెలసిన పిమ్మటఁ బాటిదిబ్బలపైఁ బిల్లలకు నాణెములు దొరకుచుండును. వారు వానిని దెచ్చి చూపునది పండితునికే. పండితుఁడు మొదట ‘ఎక్కడ దొరకినది?’ అని యడిగి, ఊరిపేరును, చేని గుర్తును, తేదిని గాగితముపై వ్రాసి నాణెముతోఁ జేర్పవలెను. తూఁచి, రెండువైపులను ఛాయాచిత్రము తీయింపవలెను. విడిమట్టి యున్నచో మెత్తని కుంచెతో నూరక యదల్పవచ్చును. రాగికిని సీసమునకును నీరు తగిలింపకుండుటయే మేలు. లంకెబిందెయే దొరకినచో, కుండను మట్టితోసహా యట్లే యుంచి యధికారులకుఁ దెలుపవలెను: పది రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరకినవాఁడు జిల్లా కలెక్టరునకుఁ దెలుపవలెనని 1878 నాఁటి నిక్షేపచట్టము విధించినది. దాఁచుటకు మెత్తని పి. వి. సి. సంచులు పనికిరావు, వానినుండి యూరు జిడ్డు రాగికిఁ బచ్చని జిగట పట్టించును. ఆమ్లము లేని కాగితపు పొట్లములు మంచివి. సీసమును ముట్టినపిదప, ముఖ్యముగాఁ బిల్లలు, చేతులు కడుగుకొని కాని యన్నమునకుఁ గూర్చుండరాదు. ఆ తెల్లనిపిండిని నోటితో నూఁదరాదు.